వెనక గది కింది మట్టి

గీత ఇంకా లేవలేదు. తెర ఎడమ అంచున బయల్దేరి, గోడ మీద గోటితో గీసినంత సన్నగా, తిన్నగా, ఎవరితోనూ పని లేనట్టు పోతోంది. చివరిదాకా ఇలాగే పోతే ఎంత బాగుండును, సీసా కడిగి బోర్లించి, మట్టి తీసిన బర్మా తుడిచి స్టోర్‌రూములో ఎవరూ చూడకుండా పెట్టేసి, ఇంటికెళ్ళి, అత్తయ్యా మీ ముక్కుకి వేరే పనేమీ దొరకలేదా అని అడిగేదాన్ని, ఆవిడ కళ్ళజోడు పైకి తోసి ఏదో ఒకటి అనేది, ఆ మాటకి నేను నవ్వేదాన్ని. ఏళ్ళ తరబడి ఈ యంత్రం ముందే కూర్చుంటున్నాను, గీత లేవాలని ఎదురుచూసిన రోజులే అన్నీ, లేవకపోతే ఎక్కడ పొరపాటు చేశానా అని సూది మార్చి, మూతలు బిగించి, మళ్ళీ మొదలుపెట్టిన రోజులే, లేవకూడదని వేడుకోవడం ఇదే మొదలు. యంత్రం లోపల, పొయ్యిలా వేడెక్కే పెట్టెలో, వెంట్రుక కన్నా కాస్త లావుండే గొట్టం చుట్టలు చుట్టలుగా ఉంటుంది, విప్పి పరిస్తే మా వీధి పొడవునా వస్తుందేమో. మట్టిని వేడి చేస్తే లేచే ఆవిరిని సూది ఆ గొట్టంలోకి ఊదుతుంది. తేలికవి ముందు పరిగెడతాయి, బరువైనవి కాళ్ళీడ్చుకుంటూ వెనక వస్తాయి, గొట్టం చివర గోరంత మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, పగలు చూస్తే కంటికి కనిపించదు కూడా, ఒక్కొక్కటీ వచ్చి ఆ మంటలో పడి కాలినప్పుడల్లా తెర మీద గీత శిఖరంలా లేస్తుంది. ఎంత కాలితే అంత ఎత్తు. ఏ మట్టిలో ఏ ఇంధనం ఎంత కలిసిందో అలా తెలుస్తుంది. ఇప్పుడు లోపల ఉన్నది మా ఇంటి మట్టి. సీసా మీద చిరునామా లేదు, ఎవరి పేరూ లేదు, మిగతా సీసాల మధ్య కలిసిపోయేలా ఒక అంకె వేశానంతే.

కలిసిపోతుందనుకున్నాను. మా ల్యాబులో పక్క బల్ల ఆయన్ని అందరం గడియారం అంటాం, ఆయన వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ వాచీలు సరిచేసుకోవచ్చు, పని ఎక్కడున్నా సరే వేళ కాగానే లేచిపోతాడు. పొద్దున నా ఐసు పెట్టె మూత తీసింది ఆయనే. తీసీ తీయగానే మొహం పక్కకి తిప్పుకుని, ఏ బంకుది అని అడిగాడు. బంకు మట్టి కాదు, ఎవరిదో ఇల్లు, పెరట్లో తీశారట అన్నాను, గొంతు మామూలుగానే వచ్చింది.

"ఇల్లా? అయితే ఆ ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళూ అగ్గిపుల్ల గీయకుండా బతికారన్నమాట," అన్నాడు.

తమాషాకే అన్నాడు. మేమంతా ఇలాంటి తమాషాలే ఆడుకుంటాం, సీసాల్లో వచ్చేవి ఎవరి పెరళ్ళో, ఎవరి బావులో, మాకు అవి అంకెలు. నేనూ నవ్వాను, ఆయన అటు తిరిగాక సీసా మూత కాస్త వదులు చేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి మట్టి, తుప్పు, ఇంకేమీ లేదు. నా ముక్కు ఈ వాసనకి ఎప్పుడో చచ్చిపోయింది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెట్రోలు, థిన్నరు, మెథనాలు మధ్య తిరిగే ముక్కు అది, మల్లెపూవు పెట్టినా పలుకుతుంది, మాడిన అన్నం పెట్టినా పలుకుతుంది, దీనికి మాత్రం పలకదు. మొదటి శిఖరం లేచింది. అది నాదే, మట్టిలో నేను పోసిన మెథనాలు, అన్ని సీసాల్లోనూ లేస్తుంది, దిగిపోయింది, గీత మళ్ళీ నేల పట్టింది.

ఇంట్లో ఆ వాసన నీ బట్టల్లోంచే అనేవాళ్ళు. ఈ ఇంట్లోకి మారిన కొత్తలో అత్తయ్యే మొదట అన్నది, వెనక గదిలో ఏదో వాసన, కిరసనాయిలులా, కాదు, నెయిల్ పాలిష్‌లా, కాదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు అని. మా ఆయన నా చున్నీ వాసన చూసి, ఇదే, ల్యాబు మొత్తం మోసుకొస్తోంది అని తేల్చేశాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, ఒంటి మీద గ్రీజు వాసన ఆయనకీ ఉంటుంది, అది మాత్రం ఎవరికీ పట్టదు. ఆ రోజు నుంచి నేను గుమ్మంలోంచి నేరుగా స్నానాల గదికి వెళ్ళడం, విడిచిన బట్టలు బకెట్లో వేసి మూత పెట్టడం, తల తడిగానే వంటింట్లోకి అడుగు పెట్టడం. పాపని ఎత్తుకోబోతే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టేది, ముందు స్నానం అని, కోపంగా కాదు, వేడి గిన్నె ముట్టుకోబోయే పిల్లకి చెప్పినట్టు. నాకు ఎంత ఒళ్ళు మండేదో. ఎదురు చెప్పడానికి నాకు ఆధారం లేదు, నాకు వాసన రాదు కదా. పాప మాత్రం నానమ్మ పక్కనే, వెనక గదిలోనే పడుకుంటుంది, అక్కడైతే అమ్మ బట్టల వాసన తగలదని మేమే అలా ఏర్పాటు చేశాం. మేమే. అత్తయ్య కుట్టుమిషను కూడా అక్కడే, వెలుతురు బాగా వస్తుందని కిటికీ పక్కనే వేసుకుంది, వీధిలో సగం మంది జాకెట్లు అక్కడే తయారవుతాయి, ఆవిడ కుడుతూంటే పాప కింద కూర్చుని గుడ్డ ముక్కలు రంగుల వారీగా పేర్చుకుంటూ ఉంటుంది. నేల మీద. చెంప నేలకి ఆనించి.

తర్వాత బస్సు మెట్టు మీద కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టారు, ఇంట్లో కూర్చోమన్నారు. ఇన్నేళ్ళలో అంత సెలవు ఎప్పుడూ లేదు. అత్తయ్య నా ల్యాబు బట్టలన్నీ రెండుసార్లు ఉతికించి, ఎండలో ఎండబెట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఒక మధ్యాహ్నం పాపకి తలనొప్పి, పొద్దున లేచినప్పటి నుంచీ కళ్ళు తెరవనంటోంది, బడికి వెళ్ళాక తగ్గిపోతుందిలే అనుకుంటే బడికే వెళ్ళనంది. నేను దాని నుదురు పట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య మిషను ఆపింది. సూది కింద గుడ్డ అలాగే ఉంది, నా వైపు చూడకుండా అన్నది.

"అమ్మాయ్, నువ్వు పనికెళ్ళి మూడు వారాలైంది. నీ బట్టలన్నీ పెట్టెలో ఉన్నాయి. మరి ఇది ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?"

ఇన్నాళ్ళూ నామీద మోపిన నేరం ఆవిడే తీసేసింది, నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. అరికాళ్ళ కింద నేల ఉందన్న సంగతి అప్పుడే మొదటిసారి తెలిసినట్టు కాళ్ళు పైకి తీసుకున్నాను. ఆ రాత్రి మా ఆయనతో చెప్తే, ఇద్దరూ కలిసి ఇల్లంతా తవ్వేలా ఉన్నారే, పక్క సందులో పెట్రోలు బంకు ఉంది కదా, గాలికి వస్తూ ఉంటుంది అన్నాడు. గాలికి వస్తే కిటికీ మూస్తే తగ్గాలి. కిటికీ మూస్తే ఎక్కువవుతోంది అన్నది అత్తయ్య.

గీత కదిలింది. మెథనాలు దాటిన చోట, ఏమీ ఉండకూడని చోట, చిన్న చిన్న ముళ్ళు, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, పొదలా. ఇవి తేలికవి, అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేవి. పెట్రోలు నేలలో ఒలికి చాలాకాలమైతే ఇవి మిగలవు, గాలికి పోతాయి, పురుగులు తినేస్తాయి, బరువైనవే మిగిలి గీత చివర్లో మూపురంలా లేస్తుంది. ఎప్పుడో ఒలికిన మరకని, నిన్న ఒలికినదాన్ని విడదీసేది ఈ ముళ్ళే. పాతదై ఉంటే బాగుండుననుకున్నాను, ఇల్లు కట్టక ముందు ఎవడో లారీ నిలిపి ఉంటాడు, ఏదో పీపా దొర్లి ఉంటుంది, దానికి మందు ఉంది, మట్టి తీసి కొత్త మట్టి పోయవచ్చు. ముళ్ళు పెరిగాయి. పాతది కాదు. అయితే థిన్నరు కావచ్చు, కిటికీలకి రంగు వేసినవాళ్ళు మిగిలినది పెరట్లో పారబోసి ఉంటారు, థిన్నరు అయితే రెండో మూడో శిఖరాలు లేచి ఊరుకుంటుంది. ఊరుకో, దయచేసి ఊరుకో.

వెనక గది గోడ పక్కన మట్టి తీసింది నేనూ అత్తయ్యా కలిసే. ల్యాబు నుంచి బర్మా తెచ్చుకున్నాను, మనిషి ఎత్తు ఇనుప కడ్డీ, కింద గిన్నెలాంటి కొన, పైన అడ్డంగా పిడి, తిప్పుతూంటే నేలలోకి దిగుతుంది. కట్టు విప్పిన చెయ్యి అరచుట్టు తిరిగేసరికే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అత్తయ్య చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి పిడి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరం గానుగెద్దుల్లా తిరిగాం. పాప మెట్టు మీద కూర్చుని తిట్టిపోసింది, నన్ను రానివ్వరా, నాకూ ఇవ్వరా అని. పైన ఎర్ర మట్టి, దాని కింద గోధుమరంగు, ఇద్దరి ఊపిరీ ఒకటే లయలో పడింది, ఆవిడ ముంజేతి మీద మిషను నూనె మరక, ఆ చెయ్యిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నడుం లోతు దాటాక కొనలో వచ్చిన మట్టి రంగు మారింది, బూడిదరంగు, నీలం కలిసినట్టు, మెరుస్తూ. అత్తయ్య చటుక్కున పిడి వదిలేసి కొంగు ముక్కుకి పెట్టుకుంది. పాపని లోపలికి పొమ్మంది, మళ్ళీ వద్దు, వీధిలోకి పో అంది. నేను చెంచాతో మట్టి తీసి సీసాలో కుక్కాను, గాలి ఉండకూడదు, మూత బిగించాను, ఐసులో పెట్టాను, చేతులు అలవాటు కొద్దీ పని చేస్తున్నాయి. ఆవిడ నా మొహం చూస్తోంది. నాకేమీ వాసన రావడం లేదని అప్పుడు గానీ ఆవిడకి పూర్తిగా అర్థం కాలేదనుకుంటాను.

బెంజీన్. ఎక్కడ లేవాలో అక్కడే లేచింది, సూదిలా, ఒంటరిగా. దీన్ని నేను వందలసార్లు చూశాను, సంతకాలు పెట్టాను, ఉండదగిన దానికన్నా ఎక్కువ ఉన్నదని టైపు చేసి కింద గీత గీశాను, ఆ మాట ఎవరి ఇంట్లో ఎలా వినపడుతుందో ఆలోచించలేదు. ఇది రక్తంలోకి వెళ్తుంది. ఎముకల లోపల రక్తం తయారయ్యే చోటుకి వెళ్తుంది. పాప చెంప నేలకి ఆనించి గుడ్డ ముక్కలు పేరుస్తోంది, నీలం పక్కన నీలం, అమ్మా ఇక్కడ నేల తియ్యగా వాసనొస్తుంది అన్నది ఒకసారి, నాకు నవ్వొచ్చింది, నేల తియ్యగా ఎలా ఉంటుందే పిచ్చిదానా అన్నాను. వెంటనే టోలుయీన్, దాని పక్కన అంతకంటే పొడుగ్గా, తెర పైఅంచు తాకి అక్కడే నరికేసినట్టు ఆగిపోయింది, కొలతకి అందనంత. తర్వాత జైలీన్లు, కవలల్లా అంటుకుని ఒకటి, పక్కన మరొకటి. వాటి వెనక గుంపులు గుంపులుగా. థిన్నరు కాదు. మా దగ్గర కొత్త పెట్రోలు తీసుకొచ్చి నడిపి దాచిన గీత ఉంది, సరిపోల్చుకోవడానికి, దాన్ని తెర మీదికి తెచ్చి దీని మీద వేశాను. రెండు గీతలూ ఒకటైపోయాయి. ఎక్కడ ఏది ఏదో తెలియలేదు. నిన్నటి పెట్రోలు, ఇవాళ్టి పెట్రోలు, పక్క సందులో బంకు కింద పూడ్చిన ట్యాంకు ఎక్కడో చిల్లు పడి, ఈ క్షణాన కూడా కారుతోంది, వానలకి నేలలో నీళ్ళు పైకి వచ్చాయి కదా ఈ నెలలో, నీళ్ళ మీద తేలుతూ పల్లానికి వస్తోంది. పల్లంలో మా ఇల్లు. మా వరస మొత్తం.

మట్టిలో ఇంత ఉంటే ఆవిరి ఎంత ఉండాలి అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది, ఎందుకు అంత ఆలస్యంగా వచ్చిందో తెలియదు, మట్టి గురించే ఆలోచించడం అలవాటు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది, ఎక్కడ గుంట దొరికితే అక్కడ చేరి కూర్చుంటుంది. వెనక గదిలో గుంట ఉంది. వీధి కుళాయి నీళ్ళు ఎక్కవని బిల్డరు నేల తవ్వి, అడుగున మోటారు పెట్టి, పైన ఇనుప మూత వేశాడు. మూత మీదే పాప ఆడుకుంటుంది. సాయంత్రం నీళ్ళు వదలగానే అత్తయ్య గోడ మీది స్విచ్చి నొక్కుతుంది, కింద మోటారు ఒక్కసారి చిటుక్కుమని మొదలవుతుంది. ఆ చిటుకు. నిన్న కూడా వేసింది కదా, ఏమీ కాలేదు కదా. ఆవిరి తక్కువైతే అంటుకోదు. మరీ ఎక్కువైనా అంటుకోదు, లోపల గాలి చాలదు. మధ్యలో ఉన్నప్పుడే. నిన్న ఎటువైపు ఉందో నాకు తెలియదు, ఇవాళ ఎటు ఉందో తెలియదు, మొన్న వాసన పోవాలని మూత కాస్త జరిపి పెట్టండి అన్నది నేనే. గోడ గడియారం వైపు చూశాను, చూడక్కర్లేకపోయింది, పక్క బల్ల ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన చేతులు కడుక్కునే వేళకే మా వీధిలో నీళ్ళు వదులుతారు.

అత్తయ్యకి ఫోను చేశాను, మోగుతోంది. మోగుతోంది. మిషను చప్పుడులో వినపడదు ఆవిడకి. ఆగిపోయింది. మళ్ళీ చేశాను, యంత్రం తన మానాన తను గీస్తూనే ఉంది, బరువైనవి ఒక్కొక్కటే వచ్చి మంటలో పడి కాలుతున్నాయి. ఎత్తింది.

"నీళ్ళొచ్చాయమ్మా, మోటారు వేసొచ్చి మాట్లాడతాను."

"వెయ్యకండి అత్తయ్యా."

అవతల కుళాయి బుసకొడుతున్న చప్పుడు, నీళ్ళకి ముందు వచ్చే గాలి.

"చెయ్యి స్విచ్చి మీద ఉందా? నొక్కకుండా తీసెయ్యండి. లైటు, ఫ్యాను, పొయ్యి, ఏదీ ముట్టుకోవద్దు. వేసి ఉన్నవి కూడా ఆపొద్దు. పాపని తీసుకుని వీధిలోకి నడవండి."

ఆవిడ ఎందుకని అడగలేదు. "ఆ మట్టేనా?" అన్నది. అవునన్నాను. చెప్పులు లేని అడుగులు, పాప ఏదో గునుస్తోంది, నా గుడ్డలు, నా గుడ్డలు అని, తలుపు గొళ్ళెం, తర్వాత వీధి చప్పుడు. పక్క బల్ల ఆయన తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడిపోయి ఉన్నాడు, తెర మీది రెండు గీతలూ చూశాడు, నన్ను చూశాడు. పొద్దుటి మాట గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. ఫైర్ స్టేషనుకి ఫోను చేసి చిరునామా చెప్పమని నా చేతికిచ్చాడు, తర్వాత స్కూటరు తాళాలు తీసుకున్నాడు. దారంతా నేను ఆయన చొక్కా వీపు మీద చెమట మరకనే చూస్తూ కూర్చున్నాను, మా వరసలో ఇళ్ళన్నీ ఒకే బిల్డరు కట్టాడు, ఒకే అచ్చు, ఒకే గది, ఒకే గుంట, ఒకే వేళకి నీళ్ళు. ఇదే మాట మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది, ఒకే వేళకి, ఒకే వేళకి.

వీధి మొదట్లోనే స్కూటరు ఆపించాను. జనం రోడ్డు మీద ఉన్నారు. అత్తయ్య పాపని చంకనేసుకుని గుమ్మం గుమ్మానికీ తిరుగుతోంది, తలుపులు కొట్టీ, కేకలేసీ, మోటారు వెయ్యబోతున్నవాళ్ళని బయటికి లాగేసినట్టుంది, టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. కొందరు విసుగ్గా ఉన్నారు, నీళ్ళు పోతాయమ్మా, ఈ గంటే కదా వదిలేది అంటున్నారు. ఒకాయన అత్తయ్య మాటనే వెక్కిరిస్తూ, మా కోడలు చదువుకున్నది అంటే సరిపోయిందా అని నవ్వుతున్నాడు. నేను చెప్పాను, బంకు అని, ట్యాంకు అని, ఆవిరి అని, నా గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. అత్తయ్య నా మాట పూర్తి కానివ్వకుండా పక్కింటి వైపు చెయ్యి చూపించింది. డ్రాయింగు మాస్టారి ఇల్లు. తలుపుకి తాళం. ఆయన కూతురింటికి వెళ్ళాడట, మోటారుకి ఏదో అమర్చి వెళ్ళాడట, నీళ్ళు వచ్చిన కాసేపటికి దానంతట అదే వేసుకుంటుంది.

ఎవరో తాళం పగలగొడదామన్నారు, నేను వద్దన్నాను, రాయి ఇనుముకి తగిలితే ఏమవుతుందో అన్నాను, అందరూ నా మొహం చూశారు, అప్పటిదాకా నవ్వుతున్నాయన నవ్వు ఆపాడు. జనాన్ని వెనక్కి జరుపుతున్నాం, ఇంకా వెనక్కి, పక్క బల్ల ఆయన చేతులు చాచి పిల్లల్ని తోస్తున్నాడు. అప్పుడు వినిపించింది. మూసి ఉన్న ఇంట్లోంచి, గోడల కింది నుంచి, చిటుక్కుమని, ఆ వెంటనే బుయ్యిమని. అత్తయ్య పాప తలని తన భుజంలోకి నొక్కేసుకుని వీపు ఆ ఇంటివైపు తిప్పింది. మోటారు తిరుగుతూనే ఉంది. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు, ఇంట్లో ఎవరో ఉండి బిందె నింపుకుంటున్నట్టు. ఏమీ కాలేదు. ఒకామె భళ్ళున నవ్వేసింది, ఆ నవ్వు అందరికీ అంటుకుంది, బకెట్లు చేతికి తీసుకున్నారు, చూశారా, అంతా ఉత్తిదే, పదండి పదండి, నీళ్ళు ఆగిపోతాయి అంటూ ఒక్కొక్కరే గుమ్మాల వైపు నడుస్తున్నారు. నేను ఒకామె జబ్బ పట్టుకున్నాను, ఆమె మెల్లగా విడిపించుకుంది. ఏమీ కాకపోవడం అంటే ఏమిటో, మధ్యలో ఉండడం అంటే ఏమిటో, ఎలా చెప్పాలి వీళ్ళకి, గీత మీద గీత వేసి చూపించాలా.

ఫైరింజను గంట వాళ్ళని గుమ్మాల్లో ఆపింది. ఇద్దరు మా ఇంట్లోకి వెళ్ళారు. చేతిలో చిన్న పసుపురంగు పెట్టె, దానికి పొడుగాటి గొట్టం. వెనక గది కిటికీలోంచి నాకు కనిపిస్తున్నారు, మూత జరిగి ఉన్న సందులోంచి గొట్టాన్ని గుంటలోకి దించారు. పెట్టె కూయడం మొదలుపెట్టింది, ఆగకుండా. పెద్దాయన ఒకసారి అంకె చూసి, గొట్టం పైకి తీసి, మళ్ళీ దించి చూశాడు, నేను ల్యాబులో చేసేదీ అదే, నమ్మబుద్ధి కానప్పుడు రెండోసారి చూస్తాను. బయటికి వచ్చాడు. వస్తూనే కుర్రాడితో కరెంటు ఆఫీసుకి చెప్పి ఈ వీధి లైను ఇప్పుడే తీయించమన్నాడు, తర్వాత నా దగ్గరికి వచ్చి, జనానికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఈ వరసలో ఇలాంటి గుంట ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఉందమ్మా?"

బకెట్లు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డ మనుషుల్ని, వాళ్ళ వెనక తెరిచి ఉన్న తలుపుల్ని చూస్తున్నాను. అత్తయ్యే చెప్పింది.

"అన్నిట్లోనూ."

ఆయన తల తిప్పాడు. మాస్టారి ఇంట్లో మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.